కత్తిరి ఎండలో మంచు లెక్కలు

చెన్నైలో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడ కాపురముంటున్న వాళ్ళకు చెప్పనక్కరలేదు. తమిళులు కత్తిరి అనీ అగ్నినక్షత్రం అనీ పిలిచే ఆ మూడు నాలుగు వారాల్లో, ఆర్కాటు రోడ్డు మీది మెట్రో పనుల దుమ్మును దాటుకొని ఆఫీసుకు చేరి, తడిసిన చొక్కా ఆరకముందే కంప్యూటరు తెరిస్తే, ఈ ఏడాది నాకు మొదట కనిపించిన సంఖ్య ఒక కప్పు మీద పేరుకోగల మంచు బరువు. చదరపు అడుగుకు వంద పౌండ్ల పైమాటే. మన లెక్కలో చదరపు మీటరుకు దాదాపు 490 కిలోలు, అంటే కప్పు మీద ప్రతి చదరపు మీటరు జాగాలోనూ ఒక ఒంగోలు ఎద్దు నిలబడి ఉన్నట్టు అనుకోవచ్చు. ఏసీ పనిచేయని రోజున ఆ సంఖ్యను చూస్తూ కూర్చోవడంలో ఒక విచిత్రమైన ఊరట ఉంది.

నాది స్టీలు డీటెయిలింగు పని. ఇంజనీరు లెక్క కట్టి ఇచ్చిన ఉక్కు కట్టడాన్ని ముక్కముక్కగా విడదీసి, ఏ ముక్క ఎంత పొడవు, ఏ రంధ్రం అంచు నుంచి ఎంత దూరం, ఏ బోల్టు ఎంత లావు అన్నది ఫ్యాక్టరీలో కోసేవాడికీ సైటులో బిగించేవాడికీ సందేహం లేకుండా గీసి ఇవ్వడం. గిండీలోనూ అంబత్తూరులోనూ ఇలాంటి ఆఫీసులు చాలా ఉన్నాయి, వాటిలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల వాళ్ళం తక్కువేమీ కాదు. మాకు వచ్చే పనిలో చాలా భాగం అమెరికా గోదాములూ బడులూ ఆసుపత్రులూ. ఈ ఏడాది మాత్రం రాకీ పర్వతాల్లోని ఒక స్కీ రిసార్టులో కొత్తగా కడుతున్న చెయిర్‌లిఫ్టుకు సంబంధించిన ఒక షెడ్డు వచ్చింది. లిఫ్టు కాదు, లిఫ్టు కుర్చీలు రాత్రిళ్ళు పడుకునే షెడ్డు.

ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ, "మంచు మీద జారను పొయ్యేవాళ్ళకి కుర్చీలు ఎందుకురా నాయనా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జారడానికి ముందు ఎక్కాలి కదా అని చెప్పి, పళని కొండకు మేము కలిసి వెళ్ళినప్పుడు ఎక్కిన రోప్‌కారును గుర్తు చేశాను. అందులో చిన్న డబ్బాలో కూర్చుంటాం. చెయిర్‌లిఫ్టులో డబ్బా ఉండదు. తాడుకు వేలాడే బెంచీ వెనక నుంచి వచ్చి మోకాళ్ళ వెనక తగులుతుంది, కాళ్ళకు స్కీలు కట్టుకొని ఉన్న మనిషి అలాగే కూర్చుండిపోతాడు, పైకి చేరాక లేచి జారుకుంటూ వెళ్ళిపోతాడు. కుర్చీ మాత్రం ఆగదు.

ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి కుర్చీ పట్టు తాడుకు ఎప్పటికీ బిగిసి ఉండే రకం. దాని వేగం సెకనుకు రెండున్నర మీటర్లు దాటదు, ఎందుకంటే అంతకు మించితే కూర్చునేవాణ్ణి కుర్చీ ఎత్తుకుపోవడం పోయి కొట్టి పడేస్తుంది. రెండోది పట్టు విడే రకం. స్టేషనులోకి రాగానే గ్రిప్పు నోరు తెరిచి తాడును వదిలేస్తుంది, కుర్చీ ఒక పట్టా మీద సెకనుకు మీటరు చొప్పున నెమ్మదిగా తిరుగుతుంది, జనం కూర్చున్నాక రబ్బరు టైర్ల వరుస దాన్ని మళ్ళీ తాడు వేగానికి తోసి తాడు మీద పట్టు బిగిస్తుంది. తాడు సెకనుకు ఐదు మీటర్లతో పరుగెడుతూనే ఉంటుంది. ఆధునిక రూపంలో నలుగురు కూర్చునే ఇలాంటి లిఫ్టు 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జిలో మొదలైంది. ఎనిమిది మంది కూర్చునేది 1997లో నార్వేలోని వ్రోడాల్‌లో వచ్చింది. పట్టు విడుతుంది కాబట్టే కుర్చీలను రాత్రికి తాడు నుంచి తప్పించి, మంచు గడ్డకట్టకుండా షెడ్డులో పెట్టే వీలుంది. మా షెడ్డుకు అన్నం పెట్టేది ఆ విడే పట్టే.

ఇక అసలు విషయం, వేసవి. స్కీ సీజను ఏప్రిల్‌తో ముగుస్తుంది, కానీ కొండ మీద మంచు కరిగి, దారులు ఆరి, యంత్రాలు పైకి వెళ్ళగలిగే సరికి జూన్ సగం గడుస్తుంది. అక్టోబరు మధ్యకల్లా మళ్ళీ మంచు పడటం మొదలు. మధ్యలో మిగిలేవి నూట ఇరవై రోజులు. పాత లిఫ్టు ఉంటే దాన్ని పీకేయడం, కొత్తదాని పునాదులు తవ్వడం, కాంక్రీటు పోయడం, టవర్లు నిలబెట్టడం, రెండు కొసల స్టేషన్లను బిగించడం, తాడు లాగడం, కరెంటు పని, పరీక్షలు, అన్నీ అందులోనే సరిపెట్టాలి. మా కిటికీలోంచి కనిపించే మెట్రో స్తంభాలను చూస్తూ ఈ లెక్కను మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. పోలిక అన్యాయమని తెలుసు. మెట్రోకు భూసేకరణ ఉంది, కింద మురుగు గొట్టాలూ కరెంటు కేబుళ్ళూ ఉన్నాయి, పక్కనే లక్షల వాహనాలున్నాయి. ఆర్కాటు రోడ్డులో అయితే ఒకే స్తంభం మీద ఒకదానిపై ఒకటిగా రెండు లైన్లను మోయాలి. అయినా ఆ నూట ఇరవై రోజుల రహస్యం చురుకుదనం కాదని త్వరలోనే తెలిసింది. కొండ మీద వేసవిలో జరిగేది కట్టడం కాదు, కూర్చడం మాత్రమే. సర్వే, అనుమతులు, డిజైను, ఆస్ట్రియాలోనో కొలరాడోలోనో యూటాలోనో ఉన్న ఫ్యాక్టరీల్లో తయారీ అంతా అంతకు ముందే ఏళ్ళ తరబడి నడిచి ఉంటుంది. కొండకు వచ్చేసరికి ప్రతి ముక్కకూ ఒక నంబరు ఉంటుంది, ప్రతి నంబరుకూ ఒక రోజు ఉంటుంది.

ఆ ముందటి పని చెడితే వేసవి మొత్తం చెడుతుంది. అమెరికాలో 120కి పైగా స్కీ ప్రాంతాలు ప్రభుత్వ అటవీ శాఖ భూముల్లో ఉన్నాయి కాబట్టి చెట్టు కొట్టాలన్నా దారి వేయాలన్నా పర్యావరణ సమీక్ష తప్పదు. 2022లో కొలరాడోలోని కీస్టోన్‌లో బర్గ్‌మన్ బౌల్ అనే చోట అనుమతి లేని సున్నితమైన నేల మీదుగా దారి తవ్వినందుకు అటవీ శాఖ పని ఆపించింది. ఆ శీతకాలానికి రావలసిన లిఫ్టు మరుసటి శీతకాలానికి గాని తెరుచుకోలేదు. అదే ఏడాది యూటాలోని పార్క్ సిటీలో స్థానికుల అభ్యంతరాలతో రెండు లిఫ్టుల అనుమతి పోయి, వాటికోసం తెప్పించిన పరికరాలు చివరికి కెనడాలోని విస్లర్‌కు తరలాయి. ఇక్కడ పని నెల ఆలస్యమైతే నెలే ఆలస్యం. అక్కడ నెల ఆలస్యమంటే ఏడాది.

మా నాన్న నెల్లూరులో మేస్త్రీ. దసరా లోపల బేస్‌మట్టం లేవకపోతే ఆ ఇల్లు సంక్రాంతి దాకా నీళ్ళలోనే ఉంటుందనేవాడు. ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో దిగుతుంది, గుంటలు నిండుతాయి, ఇసుక బండ్లు రావు. రాకీ కొండల వాళ్ళ పంచాంగమూ మా నాన్న పంచాంగమూ ఒకే నెలలో ముగుస్తాయని ఈ షెడ్డు గీస్తున్నప్పుడే గమనించాను. ఆ తరువాత వాళ్ళ తొందర నాకు పరాయిదిగా అనిపించలేదు. అక్కడ ఉదయం 7 గంటలంటే మాకు సాయంత్రం 6:30. వాళ్ళు హెల్మెట్లు పెట్టుకునే వేళకు మేము టిఫిను డబ్బాలు సర్దుకుంటుంటాం, సరిగ్గా అప్పుడే ప్రశ్నలు వస్తాయి.

నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించింది పునాదులూ టవర్లూ. లిఫ్టు దారి ఒక సరళరేఖ. ఆ రేఖ మీద బండ ఉన్నా వాలు ఉన్నా టవరు ఉండవలసిన చోట ఉండాలి. దారి లేని చోట్ల, నాలుగు కాళ్ళ సాలెపురుగులా అడుగులు వేసుకుంటూ ఎక్కే ఎక్స్‌కవేటర్లు గుంటలు తవ్వుతాయి. ఇనుప కడ్డీల పంజరం దించి, దాని నడుమ యాంకర్ బోల్టులను ఒక రేకు అచ్చుతో కదలకుండా నిలబెడతారు. కాంక్రీటు లారీ అక్కడికి రాలేదు గనుక హెలికాప్టరు వస్తుంది. తాడు చివర వేలాడే బక్కెట్టులో ఒక క్యూబిక్ గజం కాంక్రీటు పడితే దాని బరువు సుమారు 1,800 కిలోలు. ఒక పునాదికి ఇరవై గజాలు కావాలనుకుంటే ఇరవై సార్లు ఎగరాలి. ఎత్తయిన చోట గాలి పలచన, మధ్యాహ్నం వేడెక్కితే మరింత పలచన, హెలికాప్టరు మోసే బరువు ఆ మేరకు తగ్గిపోతుంది. పైగా జులై ఆగస్టుల్లో ఆ కొండల మీద మధ్యాహ్నం దాటితే ఉరుములూ పిడుగులూ. అందుకని ఎగిరే పనంతా తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలని చూస్తారు. మన ఊళ్ళో కత్తిరి రోజుల్లో స్లాబు పోసే మేస్త్రీలు ఎంచుకునే వేళా అదే, కారణం మాత్రం వేరు.

కాంక్రీటు బలం పుంజుకున్నాక టవర్లు ఎగురుతాయి. అందుకు వాడే హెలికాప్టర్లలో కే-మ్యాక్స్ అనేది నాకు మరీ నచ్చింది. ఒకదానిలో ఒకటి దువ్వెన పళ్ళలా కలిసి తిరిగే రెండు రోటర్లు, ఒకే మనిషి పట్టే సన్నటి ఒళ్ళు, పైలటు పక్కకు వంగి తిన్నగా కిందికి చూసేలా దాని నిర్మాణం. మనుషుల్ని మోయడానికి కాదు, బరువు ఎత్తడానికే పుట్టిన యంత్రం. మోయగలిగేది గరిష్ఠంగా 2,700 కిలోలు. టవరు అంతకంటే బరువైతే పెద్ద హెలికాప్టరును తెప్పించాలి, లేదా టవరును రెండు ముక్కలుగా ఎగరేయాలి. కింద పునాది చుట్టూ ముగ్గురు నలుగురు నిలబడి, వేలాడుతూ వస్తున్న ఉక్కు గొట్టాన్ని తాళ్ళతో పట్టి తిప్పి, దాని అడుగు పళ్ళెంలోని రంధ్రాలు పునాదిలోని బోల్టుల మీద కూర్చునేలా దించుతారు. నట్లు పడగానే పైలటు కొక్కెం వదిలి తరువాతి టవరు కోసం వెళ్ళిపోతాడు. అంతా నిమిషాల పని. రంధ్రమూ బోల్టూ కలవకపోతే మాత్రం ఆ నిమిషాలకు విలువ కట్టడం కష్టం. తలమీద రోటర్లు తిరుగుతుండగా బోల్టును సుత్తితో వంచేవాడు ఉండడు.

ఇది నాకింత బాగా గుర్తుండటానికి కారణం నేను చేసిన తప్పు. మా షెడ్డు వాలు మీద ఉంది. కొండ పైవైపు స్తంభాలకు ఒక రకం బోల్టుల అమరిక, కింది వైపు వాటికి వేరొకటి. డ్రాయింగులోని ఉత్తర దిక్కు గుర్తును నేను తలకిందులుగా చదువుకొని రెండు వరుసలనూ అద్దంలో చూసినట్టు తారుమారు చేశాను. డ్రాయింగు చూడటానికి ముచ్చటగా ఉంది, కొలతలన్నీ కలిశాయి. మేము గీసినవాటిని సరిచూసే మా చెకర్‌గారు ప్రకాశం జిల్లా మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నారు. కాగితం మీద ఎర్ర గీత గీయకుండా, నన్ను పిలిచి, "బాబూ, ఈ కొండ ఎటు దిగుతా ఉంది?" అని మాత్రం అడిగారు. చెప్పబోయి ఆగిపోయాను. గోదాముల డ్రాయింగుల్లో నేలకు పైవైపు, కింది వైపు ఉండవు. పదకొండేళ్ళు చదునైన నేల మీద గీసిన చేతికి కొండ ఒకటుందని తట్టలేదు. ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే ఆగస్టులో కాంక్రీటు గట్టిపడ్డాక గాని తప్పు బయటపడేది కాదు. బోల్టులు కోసి, రంధ్రాలు తొలిచి, రసాయన జిగురుతో కొత్తవి నాటి, ఇంజనీరు మళ్ళీ లెక్క చూసి సంతకం పెట్టేసరికి వాళ్ళ సెప్టెంబరు అయిపోయేది. ఆ తరువాత వారం రోజుల పాటు నా తెర మూలన కొండ వాలును సూచించే ఒక బాణం గుర్తు అంటించుకొని పని చేశాను.

టవర్లు లేచాక తాడు. ఇది లావుపాటి ఉక్కు తాడు, 40 నుంచి 50 మిల్లీమీటర్ల వ్యాసం, ఆరు పాయలు, నడుమ ప్లాస్టిక్ గుండె. ముందు ఒక తేలికపాటి తాడును టవర్ల మీదుగా పరిచి, దానితో మరింత బలమైనదాన్ని లాగి, దానితో అసలు తాడును లాగుతారు. చివరకు రెండు కొసలను కలిపి అంతులేని ఒకే వలయంగా మార్చాలి. ఆ అతుకు ముడి కాకూడదు, బుడిపె కాకూడదు, లావు పెరగకూడదు, ఎందుకంటే అది వేలసార్లు చక్రాల మీదుగా పోతూ ఉంటుంది. ఒక కొస పాయను విప్పుకుంటూ పోయి, ఆ ఖాళీలో రెండో కొస పాయను అల్లుకుంటూ వచ్చి, పాయల చివరలను తాడు లోపలికి, గుండె ఉండే చోటికి దూర్చేస్తారు. అతుకు పొడవు తాడు వ్యాసానికి 1,200 రెట్లు ఉండాలన్నది నియమం. 45 మిల్లీమీటర్ల తాడుకైతే 54 మీటర్లు. దీన్ని చేయగల నిపుణులు కొద్దిమంది, వాళ్ళు ఒక కొండ నుంచి మరో కొండకు తిరుగుతూ ఉంటారు. వీడియోలో చూపిస్తే మా అమ్మ వెంటనే, "సవరం పెట్టి జడేసినట్టుందే!" అంది. నేను రెండు పూటలు చదివి అర్థం చేసుకున్నదాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. కొత్త తాడు కొంతకాలానికి సాగుతుంది, అప్పుడు దాన్ని కొంత కోసి మళ్ళీ అతకాలి. సవరానికి ఆ బాధ లేదు.

ఆ తరువాతి పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. కుర్చీలకు నీళ్ళు నింపిన పీపాలు కట్టి, లిఫ్టు మోయవలసిన బరువుకు పది శాతం ఎక్కువగా ఎక్కించి, నడిపించి, ఆపి, బ్రేకులు పట్టుకుంటున్నాయా, కరెంటు పోతే డీజిలు ఇంజను లాగుతుందా అన్నది చూస్తారు. నిండు పీపాలు కూర్చొని కొండెక్కుతున్న దృశ్యాన్ని తలుచుకుంటే, ఊరికి నీళ్ళిచ్చే మెట్రో వాటర్ సంస్థ ట్యాంకరు కోసం మా వీధిలో వరుసకట్టిన రంగురంగుల బిందెలు గుర్తొస్తాయి.

అసలు మొట్టమొదటి చెయిర్‌లిఫ్టు కూడా వేసవి పనే. 1936లో యూనియన్ పసిఫిక్ రైల్వే ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే రిసార్టు కడుతున్నప్పుడు, జనాన్ని కొండెక్కించే ఉపాయం ఆలోచించినవాడు జేమ్స్ కరన్ అనే రైల్వే ఇంజనీరు. అతనికి అంతకు ముందు అరటిగెలలను కొక్కేలకు తగిలించి కదిలే తాడు మీద ఓడలోకి చేర్చే పరికరాలతో అనుభవం ఉంది. గెల బదులు కుర్చీ తగిలిస్తే సరి అనుకున్నాడు. పరీక్ష జరిగింది మంచుకొండ మీద కాదు, ఒమాహా అనే చదును ఊళ్ళో, నడివేసవిలో. ఒక లారీ పక్కన కుర్చీ వేలాడదీసి, స్కీలకు బదులు రోలర్ స్కేట్లు కట్టుకొని నిలబడ్డ మనుషులను ఆ కుర్చీతో ఎత్తుకుంటూ, ఎంత వేగం వరకూ మనిషి పడిపోకుండా కూర్చోగలడో చూశారు. గంటకు నాలుగైదు మైళ్ళు సుఖమని తేలింది. అదే ఏడాది డిసెంబరుకు లిఫ్టు నడిచింది. కోయంబేడు మార్కెట్టులో లారీల నుంచి దిగే గెలలను చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు కరన్ గుర్తుకొస్తాడు. మంచు ఊసే లేని చోట కూర్చొని మంచుకొండ లెక్క తేల్చినవాడు కాబట్టి, అతని మీద నాకు కొంచెం స్వార్థంతో కూడిన అభిమానం కూడా ఉంది.

మన దేశంలో ఈ పనికి దగ్గరగా చెప్పుకోదగ్గది కాశ్మీరులోని గుల్‌మర్గ్ గొండోలా, అంటే మూసిన డబ్బాలు వేలాడే తాడు దారి. ఫ్రెంచి సంస్థ పొమగాల్స్కీ పరికరాలతో మొదటి దశ 1998లో, అఫర్వత్ కొండ భుజం మీదికి వెళ్ళే రెండో దశ 2005లో మొదలయ్యాయి. గఢ్వాల్‌లోని ఔలీలో చెయిర్‌లిఫ్టు ఉంది. రెండూ నేను చూడలేదు. అమ్మ మోకాళ్ళు సహకరిస్తే ఒకసారి వెళ్ళాలని ఉంది, అయితే వెళ్ళేది మంచు కాలంలో కాదు, కింద టవర్ల పునాదులు బయటపడి కనిపించే కాలంలో.

అక్టోబరు చివరి వారంలో ఇక్కడ వాన పట్టుకుంది. మెట్రో అడ్డుకంచెల పక్కన గుంతలు నిండి, మా వీధి మొగలో ఆటోలు ఆగిపోయిన సాయంత్రం, సైటు నుంచి చివరి ఉత్తరంతో పాటు ఒక ఫోటో వచ్చింది. బోల్టులన్నీ కూర్చున్నాయని ఒక వాక్యం, కింద షెడ్డు, దాని మీద జానెడు మంచు. ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకొని ఫోనును దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "కుర్చీలేవిరా?" అంది.

"లోపల ఉన్నాయమ్మా. మంచు పడతా ఉంది గదా, తలుపేసేశారు," అన్నాను.